ఎడమమూలన పోయిన మీట

1995వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 95ను లోకమునకు విడుదల చేసినపుడు, తెర యడుగున ఎడమమూలన ‘స్టార్ట్’ అను చిన్న మీట యొకటి వెలసెను. అంతకు పూర్వపు విండోస్‌లో, ప్రోగ్రాం మేనేజరనెడి పేటికలో గుంపులుగా పేర్చిన బొమ్మలను జూచి, దేనిని ఎన్నిమారులు నొక్కవలయునో, పని నెచ్చట మొదలిడవలయునో తెలియక తడబడు క్రొత్తవారిని కూర్చుండబెట్టి పరీక్షించిన పిమ్మటనే రూపకర్తలు ఈ మీటను కల్పించిరి. యంత్రము నాపుటకు సైతము మొదలుపెట్టు మీటనే నొక్కవలసివచ్చుట యేమి విడ్డూరమని నవ్వినవారు లేకపోలేదు. కాని నవ్వినవారి చేతులును కొలదికాలములోనే ఆ మూలకు అలవాటుపడినవి. తరువాతి పదునేడేండ్లలో విండోస్ 98 వచ్చెను, ఎక్స్‌పీ వచ్చెను, విస్టా వచ్చెను, విండోస్ 7 వచ్చెను. రంగులు మారినవి, మెరుగులు మారినవి, మీట గుండ్రనై, దానిపై అక్షరములు పోయి చిహ్నము మాత్రమే మిగిలినది. కాని దాని తావు మారలేదు. తరతరములు నడచుటచే పొలమున కడ్డముగా నేర్పడిన కాలిబాటపై ఊరివారికి దస్తావేజు లేకున్నను దారిహక్కు సంక్రమించునట్లు, ఈ మూలపై కోట్లకొలది వాడుకరులకు వ్రాతలేని హక్కు సంక్రమించెను. విండోస్ 8 చరిత్ర యంతయు, నా దృష్టిలో, ఆ హక్కును యజమాని గుర్తింపకపోవుటవలన పుట్టిన వ్యాజ్యపు చరిత్రయే.

యజమానికి తొందర కలుగుటకు కారణము లేకపోలేదు. 2010 ఏప్రిలులో యాపిల్ సంస్థ ఐప్యాడును అంగళ్ళకు పంపినపుడు, వ్రేలితో తాకి నడుపు ట్యాబ్లెట్టే యికమీదట సామాన్యుల కంప్యూటరు కాగలదను అభిప్రాయము పరిశ్రమ యంతట ప్రబలెను. తాకుడుతెర క్రొత్త వస్తువేమియు కాదు. హ్యూలెట్ పకార్డ్ వారు 1983లోనే తెర చుట్టును పరారుణకిరణముల వల పన్ని, వ్రేలు వాని నెచ్చట అడ్డగించినదో కనిపెట్టు హెచ్‌పీ-150 యంత్రమును అమ్మిరి. మైక్రోసాఫ్ట్ వారే 2002లో కలముతో వ్రాయదగిన ట్యాబ్లెట్లకై ఎక్స్‌పీకి ప్రత్యేకరూపమును వెలువరించిరి. నిలువుగా నిలిచిన తెరకు చేయి చాపి యుంచుట భుజమునకెంత శ్రమయో పూర్వమే తెలిసిన సంగతి. 2010 అక్టోబరులో స్టీవ్ జాబ్స్ తమ ల్యాప్‌టాపులకు తాకుడుతెర నమర్పకపోవుటకు ఈ కారణమునే చెప్పెను. అయినను విండోస్ విభాగాధిపతియైన స్టీవెన్ సినోఫ్‌స్కీ, బల్లపై యంత్రమునకును ఒడిలోని ట్యాబ్లెట్టునకును ఒక్క వ్యవస్థయే చాలునని నిశ్చయించెను. 2011 సెప్టెంబరులో అనాహైమ్ నగరమున జరిగిన బిల్డ్ సభలో నిపుణుల చేతికిచ్చిన తొలిప్రతియందు, ఆ మీటను నొక్కగా తెరచుకొను స్టార్ట్ మెనూకు మారుగా తెరనిండ రంగురంగుల టైళ్ళు పరచబడియుండెను. ఉత్తరములు, వార్తలు, వాతావరణము ఆ టైళ్ళపైననే క్షణక్షణము మారుచుండెను. రవాణాసంస్థల సూచికాఫలకములనుండి స్ఫూర్తి గొనిన యీ శైలికి మెట్రో యని పేరు. 2012 ఆగస్టులో సంస్థ ఆ పేరును మానుకొనినను జనుల నోట అదియే నిలిచిపోయెను.

మెనూను తొలగించుటకు మైక్రోసాఫ్ట్ వారు చూపిన సమర్థనము మిక్కిలి విచారింపదగినది. సమ్మతించిన వాడుకరుల యంత్రములనుండి వచ్చి చేరు లెక్కలను బట్టి, విస్టా కాలముకంటె విండోస్ 7 కాలమున స్టార్ట్ మెనూను తెరచుట 11 శాతము తగ్గినదనియు, జనులు తమకు కావలసినవానిని టాస్క్‌బారుపై నిలుపుకొని అచ్చటనుండియే తెరచుచున్నారనియు 2011 అక్టోబరులో వారు ప్రకటించిరి. ఆ లెక్క తప్పని నేననను. కాని లెక్కకు తెలిసినది నొక్కుటయే గాని నమ్ముకొనుట కాదు. వాడుకరి దినమున కెన్నిమారు లా మూలకు పోవుచున్నాడో లెక్క చెప్పగలదు. ఏమియు తోచనపుడు, పిలువదలచిన ప్రోగ్రాము పేరైనను గుర్తురానపుడు, తానెచ్చటకు పోవునో అది చెప్పలేదు. సమ్మతింపని యంత్రముల మాట ఆ లెక్కలలో చేరనే చేరదు. ఇంటిలో నెలకొకమారు తెరచు పెట్టెను నిత్యము వాడుటలేదని పారవేయు గృహిణి యుండదు. ఇంజనీర్లు మాత్రము ఆ లెక్కనే ప్రమాణముగా గైకొనిరి.

2012 అక్టోబరు 26న విండోస్ 8, ఎడమమూలన మీట లేకయే, విపణిలో ప్రవేశించెను. మౌసుతో పనిచేయువాడు ఒక ఛాయాచిత్రమును తెరచిన తక్షణమే, అది యొక కిటికీగా గాక తెరనంతయు నాక్రమించెడిది. మూసివేయు గుర్తు పైమూలన కానరాదు. పైయంచును పట్టి అడుగుదాక ఈడ్చినగాని మూతపడదు. ఆ రహస్యమును తెలుపు గుర్తేదియు తెరపై నుండదు. యంత్రము నాపదలచినచో, బాణపుగుర్తును కుడిమూలకు కొనిపోయి, అచ్చట వెలువడు ఛార్మ్స్ అను పట్టీలో సెట్టింగులు నొక్కి, అందు పవర్ నొక్కి, పిదప షట్‌డౌన్ నొక్కవలెను. బ్రౌజరు రెండు వేషములతో నుండెను: టైళ్ళ లోకమున నొకటి, పాత డెస్క్‌టాపున నొకటి, ఒకదానిలో తెరచిన పుటలు రెండవదానికి తెలియవు. సెట్టింగులు కొన్ని క్రొత్తయింటను, కొన్ని పాత కంట్రోల్ ప్యానెలులోను నుండెను. వాడుకసౌలభ్యశాస్త్రమున పేరొందిన జేకబ్ నీల్సెన్ పండ్రెండుగురు అనుభవజ్ఞులను పరీక్షించి, నవంబరులో, ఈ వ్యవస్థ క్రొత్తవారికిని ప్రవీణులకును సమానముగా నిరాశ గలిగించునని తీర్పు చెప్పెను. అనేక గవాక్షములను ఏకకాలమున చూచుటకై పుట్టిన వ్యవస్థలో ఆ సౌకర్యమే సన్నగిల్లినదని ఆయన ఆక్షేపణ. అంతకుముందే జూలైలో, ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లోనే కొలువుచేసిన వాల్వ్ సంస్థాధిపతి గేబ్ న్యూవెల్, పీసీ రంగమునకంతకును ఇది మహావిపత్తని పలికియుండెను. ఆయన యాటల యంగడికి విండోస్ 8లోని క్రొత్త యంగడి పోటీ కాబట్టి, ఆ మాటలో స్వార్థమును కొంత కలసియుండవచ్చును. విపత్తను మాట మాత్రము లోకమునకు నచ్చెను.

పక్షపాతము లేక చెప్పవలెనన్న, తెర వెనుక జరిగిన పని మంచిదే. విండోస్ 8 తన యన్నకంటె వడిగా మేల్కొనెడిది. టాస్క్ మేనేజరు నూతనశోభను పొందెను. ట్యాబ్లెట్టుపై వ్రేలితో నడిపినవారు పలువురు దానిని మెచ్చుకొనిరి. తెలుగువారికిని ఒక యుపకారము జరిగినది: తెలుగుతోపాటు పెక్కు భారతీయలిపులను ఒకే కుదురుగా చూపు నిర్మలా యూఐ అను అక్షరరూపము మొదట విండోస్ 8తోడనే వచ్చెను. ఇటువంటి తొందర మైక్రోసాఫ్ట్‌దే యనుటయు న్యాయము కాదు. 2011 ఏప్రిలులో గ్నోమ్ 3 అను డెస్క్‌టాపు రూపము వెలువడినపుడును, ఉబుంటు యూనిటీ అను మరియొక రూపమును తలకెత్తుకొన్నపుడును లినక్సు లోకమున ఇట్టి కలహమే రేగెను. లినక్సు కర్తయైన లినస్ టోర్వాల్డ్స్ గ్నోమ్‌ను దూషించి ఎక్స్‌ఎఫ్‌సీఈ అను వేరొక రూపమునకు మారెను, మరికొందరు పాతరూపమును కాపాడుటకై మేట్ అను శాఖను నెలకొల్పిరి. స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు వారికి వేరింటికాపురము పెట్టుకొను వీలుండెను. విండోస్ వాడుకరికి ఆ వీలు లేదు.

కావున అతడు అంగడి నాశ్రయించెను. స్టార్‌డాక్ వారి స్టార్ట్8, ఉచితముగా లభించు క్లాసిక్ షెల్ మున్నగునవి పోయిన మీటను తిరిగి తెచ్చు పనికి పూనుకొనినవి. క్రొత్త వ్యవస్థను కొని, అది పాతదానివలె కనబడుటకై మరల ఐదు డాలర్లు చెల్లించుట కన్న స్పష్టమైన విమర్శ మరి యుండబోదు. 2013 తొలి మూడునెలలలో ప్రపంచమున పీసీల సరఫరా ముందటేటికంటె 13.9 శాతము తగ్గి 7.63 కోట్లకు దిగెననియు, విండోస్ 8 ఆ విపణిని పైకెత్తకపోగా మందగింపజేసినదనియు విపణిని పరిశీలించు ఐడీసీ సంస్థ చెప్పెను. సినోఫ్‌స్కీ అంతకుముందే, విడుదలయైన మూడువారములలోపలనే, కొలువు వీడియుండెను. 2013 జూలైలో మైక్రోసాఫ్ట్ అమ్ముడుపోని తన సర్ఫేస్ ఆర్టీ ట్యాబ్లెట్ల నిమిత్తము 90 కోట్ల డాలర్లను నష్టముగా వ్రాసికొనవలసివచ్చెను.

2013 అక్టోబరు 17న వచ్చిన 8.1తో మీట తిరిగి వచ్చెను గాని, మెనూ రాలేదు. నొక్కినవానిని అది మరల ఆ టైళ్ళ యొద్దకే చేర్చెడిది. ఇట్టి సగపురాజీ కోపమును చల్లార్చుటకు మారుగా పెంచునని వ్యాజ్యములెఱిగిన వారెవరైనను చెప్పగలరు. 2014 ఫిబ్రవరి 4న హైదరాబాదున పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ సంస్థకు సారథియయ్యెను; రెండునెలలు తిరుగకముందే, ఏప్రిలు 2న, బిల్డ్ సభలో సంస్థ యధికారి టెర్రీ మయర్సన్ స్టార్ట్ మెనూ పునరాగమనమును ప్రదర్శించెను. 9 అను సంఖ్యను దాటవేసి 2015 జూలై 29న విడుదలయైన విండోస్ 10లో ఎడమప్రక్క పాత పట్టికయు, కుడిప్రక్క టైళ్ళును కలసి కాపురము చేసినవి. 7 వాడువారికిని 8.1 వాడువారికిని ఒక యేడు దానిని ఉచితముగా నిచ్చిరి. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చునప్పటికి టైళ్ళును పోయినవి, ట్యాబ్లెట్ మోడును పోయెను; మీటను టాస్క్‌బారు నడుమకు జరిపిరి గాని, కావలసినవారు దానిని ఎడమకు మరల్చుకొనుటకు సెట్టింగులలో ఈమారు ముందుగనే చోటుంచిరి.

2023 జనవరి 10న విండోస్ 8.1కు భద్రతాసవరణలు నిలిచిపోయినవి. సొమ్ము చెల్లించి విండోస్ 7నే అంటిపెట్టుకొనియుండిన సంస్థలకు ఇచ్చుచుండిన సవరణలును ఆ దినముననే నిలిచినవి.