అక్క బడికి పోవాలంటే

సుగాలి తండాల్లో అమ్మ శెనక్కాయ చేలోకి కూలికి పోతే, చంటిబిడ్డను చూసుకునేది పెద్దకూతురే. తమ్ముణ్ణి చంకనేసుకున్న అక్కకు బడి ఎక్కడిది?

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. వాటిలో మన అనంతపురం జిల్లా కంబదూరు ఒకటి. ధర్మవరానికి అంత దూరమేం కాదు. అయినా అంగన్‌వాడీ ప్రతి పల్లెకూ వెంటనే రాలేదు. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, కేంద్రం లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2006 డిసెంబరు 13న. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందు ఇమ్మంది. అంతమంది పిల్లలు లేని చిన్న తండాలకు మినీ అంగన్‌వాడీలే దిక్కయ్యాయి. 2009 విద్యాహక్కు చట్టమూ ఆరేళ్లు నిండినవాళ్లకే హక్కిచ్చింది.

కేంద్రం ఉంటే సరిపోదు, వేళ కూడా కుదరాలి. మధ్యాహ్నానికే తలుపేస్తే అక్క మళ్లీ ఇంటికే. అమ్మ వచ్చేది పొద్దుగూకినాకే కదా! మీ తండాలో కేంద్రం ఎన్ని గంటలకు మూస్తున్నారో ఈసారి పోయినప్పుడు చూసి రండి.