నాలుగు తీగల బ్రతుకు తెరువు

ఒక పాట మన చెవిని పడినప్పుడు పాడినవారెవరని ముందుగా అడుగుతాము. పిమ్మట వ్రాసినవారెవరు, స్వరపరచినవారెవరు అని విచారిస్తాము. పాట అడుగున ఉండి, తాళానికీ రాగానికీ నడుమ వంతెనవలె నిలిచే మంద్రస్వరాన్ని వాయించినవారెవరని అడిగేవారు అరుదు. ఆ స్వరం ఉన్నంతసేపు దాని ఉనికి మనకు తెలియదు. తీసివేస్తే మాత్రం పాట కాళ్ళక్రింద నేల లేనట్లుంటుంది. ఆ స్వరాన్ని వాయించి జీవించే బేస్ గిటారు వాద్యకారుల వృత్తిచరిత్రను కొంత పాఠకుల ముందు ఉంచదలచాము.

ఉగాది సంచికలో ఈ ముచ్చట ఎందుకని కొందరు అడుగవచ్చును. పని ఉన్నచోటికి మనిషి వెళ్ళడమా, మనిషి ఉన్నచోటికే పని రావడమా అన్న ప్రశ్న ఊరు విడిచి వచ్చిన మన కుటుంబాలకు కొత్తది కాదు. డెబ్బైయేళ్ళకు పైబడిన ఈ వృత్తి ఆ రెండు దారులనూ చూచినది. ఈనాడు మన ఇళ్ళలోని యువకులు కొందరు తమ గదిలోనే గిటారు, కంప్యూటరు పెట్టుకొని దూరదేశాల పాటలకు వాయించి సంపాదించగలుగుతున్నారు. వారి తల్లిదండ్రులకు ఇది ఉద్యోగమో, ఆటో తెలియక ఆందోళనగా ఉన్నది. ఇది పాత వృత్తియే. దానికి చరిత్ర ఉన్నది, ఆ చరిత్రలో పాఠమూ ఉన్నది.

ముందు వాద్యం సంగతి చెప్పుకొందాము. పూర్వం పాశ్చాత్య వాద్యబృందాలలో మంద్రస్వరానికి డబుల్ బేస్ అనే నిలువెత్తు కొయ్య వాద్యం ఉండేది. దానిని ఊరూరా మోసుకొని పోవడం ప్రయాస. బాకాలు, డోళ్ళు మ్రోగుతుంటే దాని ధ్వని వినబడడమూ కష్టమే. 1930 దశకంలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ మెట్లు గల విద్యుత్ బేస్ ఒకటి తయారుచేశారు గాని అది వ్యాప్తిలోకి రాలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చిన ‘ప్రెసిషన్ బేస్’ నిలిచినది. ఫెండర్ రేడియోలు బాగుచేసే వృత్తినుంచి వచ్చినవారు. మన వీణకు వలె మెట్లు ఉండడంవలన స్వరం తప్పకుండా పలుకుతుందని దానికా పేరు పెట్టారు. ఉన్నవి నాలుగు తీగలు. మ్రోగే భాగం పొడవు 34 అంగుళాలు. అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఈ వాద్యపు ధ్వనిని మైకు ముందు ఉంచి పట్టుకోనక్కరలేదు. తీగ ద్వారా నేరుగా రికార్డింగు యంత్రానికి పంపవచ్చును. ఈ చిన్న విశేషమే ముందుముందు వృత్తిని ఇంటికి చేర్చినది.

ఏ ఒక్క బృందానికీ చెందక, పిలిచినచోటికి పోయి, ఎదుట పెట్టిన స్వరాలను చూచి వాయించి, కూలి తీసుకొని వచ్చేవారిని సెషన్ వాద్యకారులంటారు. అమెరికాలో వీరికి అండగా నిలిచినది 1896లో ఏర్పడిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్ అనే సంఘం. గ్రామఫోను రికార్డులవలన వాద్యకారులకు పని పోతున్నదని ఆ సంఘం 1942 ఆగస్టు 1నుంచి రికార్డింగులను ఆపివేసినది. డెక్కా కంపెనీ 1943లోను, విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరులోను దిగివచ్చి, అమ్ముడైన రికార్డులపై కొంత సొమ్మును వాద్యకారుల నిధికి చెల్లించడానికి ఒప్పుకొన్నవి. 3 గంటలు ఒక సెషన్, దానికి ఇంత కనీస వేతనం, గడువు దాటితే అదనం అనే కట్టుబాటు ఈ సంఘబలంవలన నిలబడినది. ఒంటరిగా అడిగితే ఏ వాద్యకారుడికీ అది దొరికేది కాదు.

ఆ కట్టుబాటు నీడలో ఎదిగినవారిలో కెరోల్ కే ఒకరు. 1935లో పుట్టిన ఈమె మొదట గిటారు వాయించేవారు. 1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగుకు బేస్ వాయించవలసిన వ్యక్తి రాకపోగా, ఆమె ఆ వాద్యాన్ని అందుకొన్నారు. నాటినుంచి అదే ఆమె వృత్తి అయినది. ఆమె మొత్తంమీద సుమారు 10,000 రికార్డింగులలో పాల్గొన్నట్లు అంచనా. పురుషులే నిండిన ఆ హాలులో పిల్లల తల్లి అయిన ఒక స్త్రీ ఇంతటి స్థానం సంపాదించడం సామాన్యం కాదు. 1969లో బేస్ నేర్చుకొనేవారికై పుస్తకాలు ప్రచురించి, తాను నేర్చినదానిని ఇతరులకు పంచినారు.

రెండవ పేరు జేమ్స్ జేమర్సన్. ఆయన కథ మనవంటివారికి మరీ దగ్గరగా ఉంటుంది. 1936లో దక్షిణ కరొలీనా రాష్ట్రంలోని ఎడిస్టో దీవిలో పుట్టారు. దక్షిణాది నల్లజాతివారు లక్షలకొద్దీ ఉత్తరాది కర్మాగార నగరాలకు వలసపోయిన కాలమది. తల్లి పనికోసం డెట్రాయిట్ నగరానికి పోగా, 1954లో ఈయన ఆమెను చేరుకొన్నారు. అక్కడి ఉన్నత పాఠశాలలోనే డబుల్ బేస్ చేతపట్టారు.

1959లో బెరీ గోర్డీ అనే వ్యాపారి డెట్రాయిట్‌లోని వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ వీథిలో ఒక సాధారణమైన ఇల్లు కొని, క్రింద రికార్డింగు స్థలంగా మార్చి, మేడమీద కుటుంబంతో కాపురమున్నారు. మోటౌన్ కంపెనీ పాటలు లోకమంతా మ్రోగినవి ఆ ఇంటినుంచే. ఇరుకైన ఆ గదిలో జేమర్సన్ కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగలు మీటేవారట. ఆయన బేస్ ధ్వనిని తీగ ద్వారా నేరుగా యంత్రానికి పంపేవారు. 1960 దశకంలో ఆ కంపెనీ విజయాలలో అనేకం ఆయన వ్రేళ్ళమీదుగా నడిచినవే. కాని రికార్డు అట్టలమీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బం ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్టపై వాద్యకారుల పేర్లు అచ్చయ్యేవరకు, విన్న కోట్లమందికి ఆయన అజ్ఞాతుడే.

1972లో కంపెనీ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయినది. జేమర్సన్ కూడ పని వెంట వెళ్ళారు గాని ఆ నగరం ఆయనకు అచ్చిరాలేదు. డెట్రాయిట్‌లో ప్రక్కన కూర్చొనే డోలు వాద్యకారుడు లేడు. చూపులతోనే మాటలాడుకొనే మిత్రబృందం లేదు. ఎంతో కాలం వాయించిన బేస్ గిటారు కూడ దొంగల పాలైనది. 1983లో, 47 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. 2000 సంవత్సరంలో రాక్ అండ్ రోల్ గౌరవమందిరంలో ప్రక్కవాద్యకారుల విభాగం మొదటిసారి ఏర్పరచినప్పుడు ఆయన పేరు చేర్చారు. గౌరవం వచ్చినది, అందుకోవలసిన మనిషి అప్పటికి లేడు.

ఇక మన మద్రాసు సంగతి. వడపళని, కోడంబాక్కం ప్రాంతాలు ఒకనాడు తెలుగు చిత్రాలకు పుట్టిల్లు. విజయా-వాహినీ స్టూడియోవంటి చోట్ల గాయకులు, వాద్యకారులు అందరూ ఒకేసారి వాయించి పాట ముగించవలసివచ్చేది. ఒకరు తప్పినా మళ్ళీ మొదటికి రావలసినదే. ఆ పనికోసం కృష్ణా గోదావరీ తీరాలనుంచి ఎందరో వాద్యకారులు కుటుంబాలతో ఇక్కడికి వచ్చారు. వారి వేతనం కాల్షీటు లెక్కన ఉండేది. ఈ వాద్యకారులను ఒక సంఘంగా కూర్చిన సంగీతజ్ఞులలో ముఖ్యులు ఎం. బి. శ్రీనివాసన్, ఆయన 1925లో చిత్తూరులో జన్మించారు. 1976 తరువాత ఇళయరాజా పాటలలో బేస్ గిటారుకు ప్రత్యేక స్థానం వచ్చినది. ‘గీతాంజలి’ (1989) పాటలు తెలుగువారి ఇళ్ళన్నిటా మ్రోగినవి. పాటంతా క్రిందినుంచి నడిపే ఆ మంద్రస్వరాన్ని చెవి పెట్టి వింటే అదొక వేరు పాటవలె వినబడుతుంది.

ఇంటిలో రికార్డింగు అన్నది పరికరాల ధర తగ్గుతున్నకొద్దీ వచ్చిన మార్పు. 1979లో మామూలు క్యాసెట్టుపై నాలుగు వరుసలు పట్టే చిన్న యంత్రాన్ని టాస్కామ్ కంపెనీ తెచ్చినది. 1990 దశకం తొలినాళ్ళలో వీడియో టేపుపై ఎనిమిది వరుసలు పట్టే యంత్రమూ, కంప్యూటరులో రికార్డు చేసే పద్ధతీ వ్యాప్తిలోకి వచ్చినవి. మన కోడంబాక్కంలోనే, రమేష్ నాయుడు, రాజ్-కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల వద్ద కీబోర్డు వాయించిన ఏ. ఆర్. రహమాన్, ఇంటిని ఆనుకొన్న చిన్న స్టూడియోలో 1992లో ‘రోజా’ పాటలు రూపొందించారు. పెద్ద హాలు లేకుండానే పెద్ద పాట పుట్టవచ్చునని నాడు దేశమంతటికీ తెలిసినది. 2020లో మహమ్మారివలన స్టూడియోలు మూతపడినప్పుడు, ఇంటినుంచి వాయించి పంపడం గత్యంతరం లేని మార్గమైనది. పిమ్మట అది అలవాటైనది.

ఆ పని జరిగే తీరు ఇది. పాట చేయించుకొనేవారు ఇంటర్నెట్ ద్వారా డోలు, కీబోర్డు, గాత్రం గల నమూనాను, లయవేగం వివరాన్ని పంపుతారు. వాద్యకారుడు చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని, గిటారును చిన్న పెట్టె ద్వారా కంప్యూటరుకు కలిపి వాయిస్తాడు. ఫ్యాను చప్పుడు, వీథిలో కూరలమ్మి కేక అందులో పడవు. ప్రక్కవాటాలో నిద్రపోతున్న పసిబిడ్డ లేవదు. గాయకులకూ డోలు వాద్యకారులకూ లేని ఈ సౌకర్యం బేస్‌కు ఉన్నది. 4 నిమిషాల పాటకు మంచి నాణ్యతతో తీసిన ఒక వరుస సుమారు 35 మెగాబైట్లు మాత్రమే. క్షణాలలో సముద్రాలు దాటుతుంది. దూరంలో ఉన్న ఇద్దరు ఒకేసారి కలిసి వాయించడం మాత్రం కష్టం. ధ్వని చేరడంలో కలిగే రెప్పపాటు ఆలస్యమే తాళాన్ని చెడగొడుతుంది. కాబట్టి ఎవరి గదిలో వారు, ఎవరి వేళకు వారు వాయించి పంపుకొంటారు.

ఇందులో లాభం స్పష్టమే. ఊరు మారనక్కరలేదు, అద్దె కొంపలు వెదకనక్కరలేదు, ముసలి తల్లిదండ్రులను విడువనక్కరలేదు. మన పెద్దలకు ఈ వరం లేదు. అయితే నష్టమూ ఉన్నది. హాలులో వాయించేవాడికి వాద్యం తప్ప వేరు బాధ్యత లేదు. ఇంటిలో వాయించేవాడు తానే యంత్రజ్ఞుడు, తానే గుమాస్తా, తానే వసూలుదారు. కాల్షీటుకు గంటల లెక్క ఉండేది. “ఇంకొక్కసారి మార్చి పంపండి” అన్న మాటకు లెక్క లేదు. హాలులో పదిమంది వాద్యకారులు ఒకరి కూలి ఒకరు తెలుసుకొని సంఘంగా అడుగగలిగారు. గదిలో ఒంటరిగా ఉన్నవాడికి తన ధర తక్కువో, ఎక్కువో చెప్పేవారే లేరు. పని ఇంటికి వచ్చినది. తోడు మాత్రం దానితో రాలేదు.

పేరు సంగతి మరొకటి. ఇది కీర్తికి సంబంధించినది మాత్రమే అనుకోరాదు. మన కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ, ప్రదర్శన ఇచ్చినవారికి దాని వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు ఇచ్చినది. కాని చలనచిత్రంలో ఏదో సందర్భవశాన కొద్దిపాటి పాత్ర వహించి, పేర్ల పట్టికలో పేరు లేనివారిని, తమ ప్రదర్శనను వికృతపరచకుండా అడ్డుకొనే హక్కు విషయంలో తప్ప, ప్రదర్శకులుగా లెక్కింపరాదని అదే సవరణ అన్నది. జేమర్సన్‌కు పేరు లేకపోవడం ఆనాడు గౌరవలోపం. ఈనాడు మన పిల్లలకు పేరు లేకపోతే అది ఆస్తినష్టం కూడ కావచ్చును.

కాబట్టి ఇంటిలో కూర్చొని ఈ వృత్తి చేసే పిల్లలకు మేము చెప్పేది ఇది. ఒక పాటకు ఎంత, ఎన్ని మార్పులవరకు, సొమ్ము ఎప్పుడు, పేరు ఎక్కడ వేస్తారు అన్నది వాయించకముందే వ్రాతలో ఉండాలి. ముందుగా కొంత పైకం తీసుకోవాలి. ఊరిలోని తోటి వాద్యకారులతో నెలకొకసారి అయినా కూర్చొని వాయించాలి, ధరలు మాట్లాడుకోవాలి. తల్లిదండ్రులకు మా మనవి: తలుపు వేసుకొని నాలుగు తీగలు మీటే పిల్లవానిని పనిలేనివాడని అనకండి. పొలము, కార్ఖానా, కచేరీ వలె ఆ గది కూడ పనిచోటే.

పరాయి గడ్డపై ఒంటరిగా బ్రతకడం కష్టమని తెలిసే మన పెద్దలు ఇటువంటి సమాజాలను నెలకొల్పుకొన్నారు. ఇంటింటా ఒంటరిగా వాయించేవారు నలుగురు కలుసుకోవడానికి మన సమాజమందిరంలో ఒక సాయంకాలం చోటిస్తే బాగుండునని సభ్యుల ఆలోచనకు ఉంచుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.