ఉడుము పెంపకం: చట్టం ఏమంటున్నది, వాస్తవాలు ఏమిటి?
(ప్రత్యేక వ్యాసం)

సరీసృపాలను ఇంట పెంచుకోవాలన్న ఆసక్తి ఇటీవలి కాలంలో పట్టణ యువతలో కనిపిస్తున్నది. పెద్ద జాతి ఉడుముతో ఈ అభిరుచిని ప్రారంభించవచ్చునా అన్న ప్రశ్నకు చట్టపరంగాను, శాస్త్రపరంగాను లభించే సమాధానం ఒక్కటే: తగదు. స్వదేశీ ఉడుమును పెంచడం నేరం. విదేశీ ఉడుమును నమోదు చేయించి ఉంచుకున్నప్పటికీ, అనుభవం లేనివారి వద్ద అది ఆరోగ్యంగా జీవించడం కష్టం.

దేశంలోని జాతులు

భారతదేశంలో నాలుగు జాతుల ఉడుములు ఉన్నాయి. అవి బెంగాల్ ఉడుము, పసుపు ఉడుము, ఎడారి ఉడుము, నీటి ఉడుము. తెలుగు ప్రాంతాలలో పొలం గట్లపైన, పుట్టల వద్ద, చిట్టడవులలో సాధారణంగా కనిపించేది బెంగాల్ ఉడుము. పుట్టినపుడు సుమారు జానెడు మాత్రమే ఉండే ఈ ప్రాణి పెరిగి పెద్దదైన తరువాత తోకతో కలిపి ఒకటిన్నర మీటర్లు దాటగలదు. నీటి ఉడుము రెండు మీటర్లకు మించి పెరుగుతుంది. కీటకాలు, ఎలుకలు, పీతలు, గుడ్లు, మృత కళేబరాలు ఆహారంగా తీసుకునే ఉడుము రైతుకు మేలు చేసే ప్రాణి.

చట్టం

వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 ప్రకారం ఈ నాలుగు జాతులూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి, ఏనుగుకు ఇచ్చిన రక్షణే ఉడుముకు కూడా వర్తిస్తుంది. పట్టుకోవడం, వల పన్నడం, గుడ్లను ధ్వంసం చేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన తరువాత, మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరాలకు మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు శిక్ష, రూ.25,000కు తగ్గని జరిమానా విధించే వీలున్నది. మాంసం, చర్మం, నూనెలతో పాటు "హత్తా జోడీ" పేరిట మొక్క వేరుగా నమ్మించి అమ్మే మగ ఉడుము జననాంగాలకు కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.

విదేశీ జాతులు

ఆఫ్రికాకు చెందిన సవన్నా ఉడుము అంతర్జాతీయ పెంపుడు జంతువుల వ్యాపారంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇటువంటి జాతులు సైటిస్ ఒప్పందం పరిధిలో ఉన్నందున, 2022 సవరణ ద్వారా చట్టంలోని నాలుగవ షెడ్యూలులో చేరాయి. 2024 ఫిబ్రవరి 28న ప్రకటించిన నియమావళి ప్రకారం, అప్పటికే వీటిని కలిగి ఉన్నవారు ఆరు నెలలలోగా, కొత్తగా పొందినవారు 30 రోజులలోగా పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. బదిలీ, జననం, మరణం వివరాలను కూడా తెలియజేయాలి.

కొత్తవారికి ఎందుకు తగదు?

ఉడుము తన శరీర ఉష్ణోగ్రతను బయటి వేడితోనే నియంత్రించుకుంటుంది. బోనులో ఎండ కాచుకునే చోట నేల సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కాలి. మరొక మూల చల్లగా ఉండాలి. అతినీలలోహిత కాంతి, కాల్షియం తగినంత అందకపోతే ఎముకలు మెత్తబడతాయి. పెరిగిన సవన్నా ఉడుముకు కనీసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఆవరణ, తవ్వుకునేందుకు లోతైన మట్టి ఉండాలని అనుభవజ్ఞులు సూచిస్తారు. ప్రకృతిలో ప్రధానంగా కీటకాలు, నత్తలు తినే ఈ జాతికి నిత్యం ఎలుకలను పెట్టడం వల్ల ఊబకాయం, కాలేయ వ్యాధి వస్తాయి.

"ఉడుము పట్టు" అన్న నానుడి ఊరికే పుట్టలేదు. దాని గోళ్లు, పళ్లు, తోక దెబ్బ గాయపరచగలవు. కరిచినపుడు వెంటనే వైద్యం అవసరం. సరీసృపాల ద్వారా సాల్మొనెల్లా సూక్ష్మజీవి సోకే అవకాశం ఉన్నందున ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇళ్లలో ప్రమాదం మరింత ఎక్కువ. పైగా ఇది పదేళ్లకు పైబడి జీవించే ప్రాణి. విసిగి బయట వదిలివేస్తే స్థానిక జీవజాలానికి ముప్పు వాటిల్లుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో నైలు ఉడుములు ఈ విధంగానే స్థిరపడి సమస్యగా మారాయి.

చేయవలసినది

ఉడుము ఇంట్లోకి వచ్చినపుడు కొట్టరాదు. పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచి, అది బయటకు పోయే దారి వదలి, అటవీ సిబ్బందికి తెలియజేయాలి. స్వదేశీ ఉడుము ఎవరి స్వాధీనంలోకి వచ్చినా 48 గంటలలోగా సమీప పోలీసు స్టేషన్‌కు లేదా అధీకృత అధికారికి సమాచారం ఇవ్వాలి. అదృష్టం కలుగుతుందన్న నమ్మకంతో ఇళ్లలో ఉంచుకునే నక్షత్ర తాబేలు కూడా మొదటి షెడ్యూలులోనిదే.

ఆసక్తి గలవారు విశాఖపట్నం, తిరుపతి, హైదరాబాద్ జంతు ప్రదర్శనశాలలలోను, చెన్నై సమీపంలో 1976లో ఏర్పాటైన మద్రాస్ మొసళ్ల బ్యాంకులోను సరీసృపాలను పరిశీలించవచ్చు. ఉడుములను చేతపట్టుకున్న చిత్రాలను, వాటి ధరలను వింత వార్తలుగా ప్రచురించినపుడు వాటికి గిరాకీ పెరిగే ప్రమాదం ఉన్నది. అటువంటి వార్తలతో పాటు చట్ట నిబంధనలను కూడా ప్రస్తావిస్తే, తెలియక నేరానికి పాల్పడే యువకులను ముందుగానే హెచ్చరించినట్లవుతుంది.