సంతకం లేని చిత్రకళ

చిత్రకళ చరిత్రను రాజాస్థానాల చుట్టూ, ఆలయ కుడ్యాల చుట్టూ అల్లుకుంటూ వచ్చిన గ్రంథాలలో ముగ్గుకు దక్కిన చోటు స్వల్పం. తెలుగునాట ఏ గురుకులమూ లేకుండా, ఏ పోషకుడూ లేకుండా సామాన్య గృహాల స్త్రీలు తరతరాలుగా తమ ఊహకు రూపమిచ్చిన కళ ఇదే గనుక, ఆ ఉపేక్షను చిన్న లోపంగా భావించడానికి వీలు లేదు.

వాత్స్యాయనుడు కామసూత్రాలలో పేర్కొన్న అరవై నాలుగు కళలలో బియ్యంతోనూ పూలతోనూ అలంకార రచనలు చేయడం ఒకటి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసం చిత్రభేదాలను వివరిస్తూ ధూళిచిత్రాన్ని, అంటే రంగుపొడులతో నేలపై వేసే చిత్రాన్ని, ప్రత్యేకంగా పేర్కొంటుంది. కాకతీయులు స్వతంత్రులు కాకముందు ఈ చాళుక్యులకే సామంతులు కనుక ఆ ప్రస్తావన తెలుగు నేలకు దూరమైనది కాదు. ఇలాంటి గ్రంథాలు కళకు పేరు పెట్టి వర్గీకరించాయే గాని, దానిని వేసిన చేతుల గురించి చెప్పలేదు.

ఆ చేతుల నైపుణ్యం తెలియాలంటే ముగ్గు కట్టుబాటును పరిశీలించాలి. కళ్లాపి చల్లిన వాకిట్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి బియ్యప్పిండినో ముగ్గురాతి పొడినో సన్నని ధారగా జారవిడుస్తూ ముందుగా చుక్కలు పెడతారు. ఒక వరుస చుక్కలకు సూటిగా కింద మరో వరుస పెడితే అది సరిచుక్క, రెండు చుక్కల నడిమి ఖాళీకి ఎదురుగా పెడితే సందుచుక్క. నడిమి వరుసలో 15 చుక్కలతో మొదలై ఇరువైపులా 8 వచ్చే వరకు తగ్గే సందుచుక్కల ముగ్గులో మొత్తం 169 చుక్కలు ఉంటాయి. ఆ లెక్కను కాగితం మీద వేసుకోకుండానే చేయి పూర్తిచేస్తుంది. చుక్కలను కలుపుతూ పోతే పద్మాలు, చిలుకలు, తీగలు వస్తాయి. చుక్కలను తాకకుండా వాటి చుట్టూ గీతను తిప్పి మొదలైన చోటికే చేర్చితే అది మెలికల ముగ్గు. చుక్కలు అవే అయినా గీత ఎక్కడ మలుపు తిరగాలన్నది వేసేవారి ఇష్టం. ఒక మూల గీత దారి తప్పినా మిగిలిన మూడు మూలలా అదే మలుపు ఇస్తే ఆ పొరపాటే కొత్త ముగ్గవుతుంది. నియమాన్ని పాటిస్తూనే ఆడుకోగల ఇంతటి వెసులుబాటు మరే గృహకళలోనూ కనిపించదు.

ధనుర్మాసంలో ఈ ఆటకు ఊరంతా రంగస్థలమవుతుంది. నెల పొడవునా పెద్ద ముగ్గులు వేసి, వాటి నడుమ గుమ్మడిపూలతో గొబ్బెమ్మలను నిలుపుతారు. కోస్తా జిల్లాలలో కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడును పొరుగింటి రథానికి కలుపుతూ వీధి పొడవునా సాగదీస్తారు. ఎవరి కల్పన వారిదైనా చివరికి వీధి మొత్తం ఒకే చిత్రంగా రూపొందే ఈ ఆచారం నిజంగా అపురూపమైనది.

20వ శతాబ్దిలో వారపత్రికలు, ముగ్గుల పుస్తకాలు చుక్కల లెక్కతో సహా నమూనాలను అచ్చువేయడం వల్ల ఒక ఊరి ముగ్గు మరో ఊరికి చేరింది. అదే సమయంలో అచ్చులో ఉన్నదే సరైనదన్న భావన కూడా కొంత బలపడింది. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, మరొక పరిశోధకురాలు కమలా కృతివాసన్‌తో కలిసి, తమిళనాట కోలం అని పిలిచే ఇదే కళను ఆధారం చేసుకొని 1974లో చిత్రవ్యాకరణాలపై, అంటే కొద్దిపాటి నియమాలతో అసంఖ్యాక రూపాలను పుట్టించే గణిత పద్ధతులపై, పరిశోధన ప్రచురించారు. ఇంటి ముంగిట స్త్రీలు ఎంతో కాలంగా చేస్తున్న ఆలోచనకు కంప్యూటర్ శాస్త్రం ఆ విధంగా ఆలస్యంగా గుర్తింపునిచ్చింది.

నగరాలలో మట్టి వాకిళ్లు పోయి, గడప ముందు అతికించే ముగ్గు స్టిక్కర్లు వచ్చాయి. స్థలం లేకపోవడం నిజమే గాని, నాలుగు చుక్కల ముగ్గుకు ఒక గచ్చు పలక చాలు. పండుగనాడైనా పుస్తకం చూడకుండా, ఫోన్‌లోని నమూనా వెతకకుండా, ఇంట్లోని మగపిల్లల చేతికి కూడా పిండి ఇచ్చి, ప్రతి ఇంటివారూ తమదైన ఒక ముగ్గును కల్పించి వేయాలి.