కస్టడీ కేసులో పిల్లలను సైకాలజిస్టుకు చూపించమన్నారా? వెళ్లేముందు ఇవి తెలుసుకోండి

కొత్తపేటలో ఓ ఇల్లు ఊహించుకోండి. ఎనిమిదేళ్ల పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తల్లి కువైట్‌లో పనిచేస్తోంది, తండ్రి హైదరాబాద్‌లో ఉంటున్నాడు. విడాకుల కేసు నడుస్తోంది. పాపను తనకు అప్పగించాలని తండ్రి పిటిషన్ వేశాడు. పాప మాత్రం నాన్న వస్తున్నాడంటే గదిలోంచి బయటకు రావడం లేదు. అది భయమా, అలకా, పెద్దవాళ్లు నేర్పిన మాటా? పది నిమిషాలు మాట్లాడితే జడ్జికి కూడా తెలియదు. అలాంటప్పుడే పాపను నిపుణులకు చూపించి నివేదిక తెప్పించాలని కోర్టు అంటుంది.

ఈ ఇల్లు ఊహే. కానీ పిల్లలను అమ్మమ్మ, నానమ్మల దగ్గర ఉంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు కోనసీమలో ఎందరో ఉన్నారు కాబట్టి, ఇలాంటి చిక్కు ఎవరింటికైనా రావచ్చు. ‘సైకాలజిస్టు’ అన్న మాట వినగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘మా పిల్లకేమైనా పిచ్చా?’ అనే. కాదు. మీకు పిచ్చి ఉందేమో తేల్చడం కూడా ఈ పరీక్ష ఉద్దేశం కాదు.

మరి ఏం చూస్తారు? ఈ బిడ్డకు ఇప్పుడు ఏం కావాలి, దాన్ని ఇవ్వగల ఓపిక, వీలు తల్లికి ఎంత, తండ్రికి ఎంత, వాళ్లిద్దరితో బిడ్డకున్న బంధం ఎలాంటిది అన్నవి చూస్తారు. ఎవరు మంచి భర్త, ఎవరు మంచి భార్య అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. సైకాలజిస్టు ముందు కూర్చుని రెండు గంటలూ అత్తింటివారి మీద ఫిర్యాదులే చెప్పి వస్తారు. పాపకు ఏ టీచరంటే ఇష్టమో, రాత్రి దేనికి భయపడుతుందో అడిగితే తడబడతారు.

ఏ కోర్టు, ఏ చట్టం?

మతంతో సంబంధం లేకుండా అందరికీ వర్తించేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దాని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ ప్రాంతంపై అధికారం ఉన్న కోర్టులోనే కస్టడీ పిటిషన్ వేయాలి. పాప కొత్తపేటలో పెరుగుతుంటే, తండ్రి హైదరాబాద్‌లో ఉంటున్నాడన్న ఒక్క కారణంతో అక్కడ కేసు నడవదు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఆ కోర్టు, లేనిచోట జిల్లా కోర్టు వీటిని వింటాయి. హిందువులకు 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కూడా ఉంది. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 6వ సెక్షన్, అన్నిటికంటే బిడ్డ సంక్షేమమే ముఖ్యమని 13వ సెక్షన్ చెబుతాయి.

నిపుణుల సాయం తీసుకునే అధికారం ఫ్యామిలీ కోర్టుకు 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. వైద్య నిపుణులను గానీ, కుటుంబ సంక్షేమ రంగంలో పనిచేసేవారిని గానీ పిలవవచ్చు, వీలైతే మహిళను ఎంచుకోవాలి అని అందులో ఉంది. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం, వివాదం తేల్చడానికి ఉపయోగపడుతుందనుకుంటే మామూలు సాక్ష్య నిబంధనలకు అందని నివేదికను కూడా కోర్టు తీసుకోవచ్చు. కోర్టు తనంతట తాను అడగకపోతే, మీ లాయరు ద్వారా మధ్యంతర దరఖాస్తు వేసి మీరే కోరవచ్చు. లాయర్ల మాటల్లో దాన్ని ‘ఐఏ’ అంటారు.

ఫ్యామిలీ కోర్టు కౌన్సెలరు, ఈ సైకాలజిస్టు ఒకటి కాదు. కౌన్సెలరు పని మీ ఇద్దరి మధ్య రాజీకి ప్రయత్నించడం. సైకాలజిస్టు పని బిడ్డ పరిస్థితిని అంచనా వేసి కోర్టుకు రాసివ్వడం.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

సరిగ్గా చేసే అంచనా ఒక్క పూటలో అవదు. బిడ్డతో విడిగా, తల్లితో విడిగా, తండ్రితో విడిగా మాట్లాడతారు. ఆ తర్వాత బిడ్డను ఒక్కొక్కరితో కూర్చోబెట్టి గమనిస్తారు. చిన్నపిల్లలైతే బొమ్మలు గీయిస్తారు, చిత్రాలు చూపించి కథ చెప్పమంటారు, ఆడిస్తారు. అవసరమైతే తెలివితేటల పరీక్షలు, పెద్దలకు వ్యక్తిత్వ ప్రశ్నావళి ఉంటాయి. స్కూలు రికార్డు చూస్తారు, బిడ్డను రోజూ చూసుకునేవాళ్లతో మాట్లాడతారు. కాబట్టి మన ఉదాహరణలో అమ్మమ్మ మాట కూడా ముఖ్యమే. తల్లి గల్ఫ్‌లో ఉంటే వీడియోలో మాట్లాడేందుకు అనుమతి అడగవచ్చు. కానీ బిడ్డతో కలిపి చూసే రోజుకు సెలవు పెట్టుకుని రాగలిగితే మేలు. ఫోన్ తెరలో బంధం సగమే కనిపిస్తుంది.

బిడ్డ తెలుగులోనే ఆలోచిస్తుంటే తెలుగు బాగా వచ్చిన నిపుణులే కావాలని అడగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆరేళ్ల పిల్లాడి భయాన్ని మధ్యలో ఒకరు అనువదించి చెబితే అందులో ఎంతో పోతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వైద్యం కోసం వెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పింది ఆయన దగ్గరే ఉంటుంది. కోర్టు పంపిన మదింపులో మీరు చెప్పింది రిపోర్టులోకి వెళ్తుంది, అవతలి పక్షం చదువుతుంది. అందుకే బిడ్డకు అప్పటికే చికిత్స చేస్తున్న సైకాలజిస్టుతోనే కోర్టు రిపోర్టు కూడా రాయించుకోవడం మంచి పద్ధతి కాదు. బిడ్డ నమ్మి చెప్పుకునే మనిషే సాక్షిగా మారితే, ఆ నమ్మకం పోతుంది.

లైంగిక వేధింపుల అనుమానం బయటపడితే సంగతి వేరు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం నిపుణుల బాధ్యత. ‘ఇది మన మధ్యే ఉండనివ్వండి’ అని వాళ్లను అడగకండి.

బిడ్డకు పాఠం చెప్పి పంపకండి

వాయిదాకు ముందు రోజు రాత్రి ‘ఆంటీ అడిగితే ఇలా చెప్పు’ అని నేర్పే ఇళ్లు తక్కువేం కాదు. అనుభవమున్న నిపుణులు దీన్ని త్వరగానే పసిగడతారు. ఏడేళ్ల పిల్ల ‘మా నాన్న బాధ్యతారహితుడు’ అంటే అది ఆ పిల్ల మాట కాదు. నిజంగా జరిగినదైతే పిల్లలు దాన్ని ఆ రోజు వేసుకున్న గౌనుతో, తిన్న టిఫినుతో కలిపి చెబుతారు. నేర్పినదాన్ని అప్పజెప్పినట్టు చెబుతారు. దాంతో నష్టపోయేది మీరే. అంతకంటే ఎక్కువగా, ఒకరిని మెప్పించడానికి ఇంకొకరిని వద్దనాల్సి వచ్చిన ఆ బిడ్డ నలిగిపోతుంది.

ఇలా బిడ్డ మనసును రెండోవారి మీదికి తిప్పడాన్ని ‘పేరెంటల్ ఏలియనేషన్’ అంటున్నారు. 2017లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు దీని గురించి రాసింది. ఆ తర్వాత ఈ మాట పిటిషన్లలోకి బాగా ఎక్కింది. బిడ్డ రానంటే చాలు, అవతలివాళ్లు విషం నూరిపోశారని రాసేస్తున్నారు. 2024 మే నెలలో సుప్రీంకోర్టే దీనికి కళ్లెం వేసింది. ఏయే సంఘటనల్లో అలా చేశారో విడివిడిగా గుర్తించకుండా ఎవరి మీదా తొందరపడి ఈ ముద్ర వేయకూడదని చెప్పింది. బిడ్డకు నిజంగానే భయపడే కారణం ఉండవచ్చు కదా. కాబట్టి ఈ ఆరోపణ చేసేవారైనా, ఎదుర్కొనేవారైనా తేదీలు, ఫోన్ మెసేజ్‌లు, కలుసుకోవాల్సిన రోజు ఏం జరిగిందన్న వివరాలు దాచుకోండి.

‘ఆమెకు మతి స్థిమితం లేదు’ అంటే?

కస్టడీ కేసుల్లో ఎక్కువగా వాడే ఆయుధం ఇది. ప్రసవం తర్వాత కుంగుబాటుకు రెండు నెలలు మాత్రలు వాడిన చీటీ పట్టుకొచ్చి, తల్లి పనికిరాదని వాదిస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇక్కడ మీకు అండ. మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదని 3వ సెక్షన్ చెబుతోంది. అలాంటి రుజువును కోర్టులో పెట్టి, అవతలివారు కాదన్నప్పుడు, దాన్ని పరిశీలనకు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు పంపాలని 105వ సెక్షన్ అంటోంది. చికిత్స తీసుకుంటున్నారంటే బాధ్యత తెలిసినవారనే లెక్క. దాచకండి. దాచిన విషయం తర్వాత బయటపడితే జబ్బు కంటే దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

రిపోర్టు తీర్పు కాదు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన ఓ తెలుగు దంపతుల కేసు ఇక్కడ పనికొస్తుంది. 2017లో తల్లి ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ వచ్చేశారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 మార్చి 15న కోర్టు పిల్లలను అమెరికాకు తిరిగి పంపాలని చెప్పింది. బిడ్డ సంక్షేమం తేల్చేందుకు చూడాల్సినవేమిటో ఆ తీర్పులోనే చెప్పింది. తల్లిదండ్రుల పరిణతి, మానసిక స్థిరత్వం, చదువు చెప్పించగల వీలు, నడవడిక, బిడ్డను సమాజంతో కలిపి ఉంచగలగడం, ఆర్థిక స్థోమత, వీటితోపాటు బిడ్డతో బంధం. మానసిక స్థిరత్వం వీటిలో ఒకటి మాత్రమే అని గమనించండి.

అలాగని రిపోర్టును తేలిగ్గా తీసుకోలేం. కేరళకు చెందిన ఒక కేసులో బాలుడి కస్టడీని తండ్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 2024లో సమర్థించింది. తర్వాత ఆ పిల్లాడు తీవ్ర ఆందోళనకు లోనవుతున్నాడని, తల్లి నుంచి విడదీస్తే ఇంకా ముదిరే ప్రమాదం ఉందని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల నివేదికలు చెప్పాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు తన ఉత్తర్వునే వెనక్కి తీసుకుని బిడ్డను తల్లి దగ్గర ఉంచింది. కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ రాతిమీద గీత కాదు. పరిస్థితి మారితే మళ్లీ కోర్టుకు వెళ్లవచ్చు.

రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే ముందు ప్రతి తీసుకుని చదవండి. ఇద్దరినీ చూశారా, బిడ్డను ఎన్నిసార్లు చూశారు, ఏ పరీక్షలు పెట్టారు, ఎవరి మాట విని ఆ నిర్ధారణకు వచ్చారు? తండ్రిని ఒక్కసారైనా కలవకుండా తండ్రి గురించి రాసిన రిపోర్టుకు బలం ఉండదు. అభ్యంతరాలు రాసివ్వవచ్చు, నిపుణులను క్రాస్ ఎగ్జామినేషన్‌కు పిలిపించమని కోరవచ్చు. అవతలివారు బిడ్డను సొంతంగా ఏదో క్లినిక్‌కు తీసుకెళ్లి రాయించుకొచ్చిన కాగితాన్నీ ఇవే ప్రశ్నలు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి. ఆ నంబరు అడిగితే చెప్పాలి.

ఖర్చు భయపెడితే, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంఘంలో అడగండి. ప్రైవేటు క్లినిక్‌కు బదులు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపమని కూడా కోర్టును కోరవచ్చు. కోనసీమ వారికి కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, పెద్ద కేసైతే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేసు నడుస్తున్నన్నాళ్లూ బిడ్డకు నిద్ర పట్టకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా కోర్టు ఉత్తర్వు కోసం ఆగకండి. టెలీమానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.