గ్రంథాలయములు – స్వేచ్ఛావిద్యాగ్రంథములు

గ్రంథభాండాగారికి ధర్మములు రెండు: పుస్తకమును భద్రపఱచుట, పుస్తకమును బంచిపెట్టుట. తెలంగాణమున మొదటినుండియు రెండవదే ప్రధానమయ్యెనని చరిత్ర తెలుపుచున్నది.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. రాజభాష ఉర్దూ యగుటచేఁ దెలుఁగు చదువున కాదరణము తక్కువయైన కాలమది. గ్రంథాలయమేర్పడినను, అందుంచఁదగిన శాస్త్రగ్రంథములు తెలుఁగున నరుదు. కావున నిలయస్థాపకులలో నొకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును మిత్రులును 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి, చరిత్రములను శాస్త్రములను వ్రాయించి ప్రకటించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్రము’ 1907లో వెలువడెను. గ్రంథములను గూర్చినవారే గ్రంథములను బుట్టించిరి.

1930లో నాఁటి మెదకు మండలమునందలి జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను బ్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. బహిరంగసభలకుఁ బ్రభుత్వానుమతి వలసిన యా దినములలో ఆంధ్రోద్యమమునకుఁ బఠనమందిరములే యాశ్రయములు.

నాఁటి యడ్డంకి రాజాజ్ఞ. నేఁటి యడ్డంకులు వెలయు, ముద్రణహక్కును. 1957 నాఁటి శాసనము ననుసరించి రచయిత గతించిన పిదప 60 సంవత్సరములవఱకు హక్కు నిలుచును. ప్రతాపరెడ్డిగారు 1953లోఁ గీర్తిశేషులగుటచే, వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 2014 ఆరంభమునుండి సర్వజనుల సొత్తు. జీవించియున్న రచయిత యంతకాలము వేచియుండఁ బనిలేదు. క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రముచేఁ దన గ్రంథమును నేఁడే లోకమున కీయవచ్చును. ఇట్టి పాఠ్యసామగ్రికి యునెస్కో సభలో 2002లో ‘స్వేచ్ఛావిద్యావనరులు’ అను నర్థమిచ్చు పేరేర్పడెను; 2019లో నా సంస్థ వీనిని బోషింపుఁడని సభ్యదేశములకు సిఫారసు చేసెను.

ఐనను, ఉచితముగాఁ జదువనిచ్చుట వేఱు, ప్రతి తీసికొని పంచనిచ్చుట వేఱు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మున్నగు సంస్థలు పాల్గొన్న భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలఁది తెలుఁగు పుస్తకములు చేరెను. తరువాత నా మూలస్థానము మూతపడెను. అన్యత్ర ప్రతులుండుటచేతనే పెక్కు పుస్తకములు దక్కెను. ప్రతి చేయు స్వేచ్ఛయే గ్రంథమునకు రక్ష.

కావున నేఁడు మెదకు పట్టణమునఁ గళాశాలా గ్రంథభాండాగారి చేయవలసినది బీరువా తాళము దీయుట మాత్రమే కాదు. ఏ గ్రంథము స్వేచ్ఛమో యెఱిఁగి విద్యార్థికిఁ జూపుట, లేనిదానిని దెలుఁగున వ్రాయుఁడని యధ్యాపకుని బ్రోత్సహించుట, వ్రాసినదాని కనుమతిపత్రము చేర్పించుట యను మూఁడును నతని విధులు. కొమఱ్ఱాజువారు చూపిన త్రోవ యిదియే.