మర్ఫా నుంచి తీన్మార్ దాకా: హైదరాబాద్ పాతబస్తీ వాద్యబృందాల నాదపరిణామం

వ్యాససంగ్రహం:
హైదరాబాద్ పాతబస్తీలో పెళ్ళి ఊరేగింపుల ముందు వినిపించే మర్ఫా, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులూ ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ నిజాం కొలువుకు వచ్చినప్పుడు వారితో వచ్చిన వాద్యసంప్రదాయం. ఈ బృందాల నాదం కాలక్రమంలో ఎలా మారిందో, ఆ మార్పుకు కారణాలేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రికార్డుల వరుస లేని సంగీతానికి వాద్యద్రవ్యం, పోషణ, పేరు అనే మూడింటిని ఆధారాలుగా తీసుకోవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'తీన్మార్' అనే పదం తెలుగులో స్థిరపడిన తీరును ఇందుకు ముఖ్యసాక్ష్యంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: మర్ఫా, తీన్మార్, బార్కస్, సిద్దీలు, చావుష్‌లు, వాద్యబృందం, అర్థపరిణామం.

1. ఉపోద్ఘాతం:

తెలుగునేల మీది వాద్యాల గురించి మాట్లాడేటప్పుడు డప్పు, డోలు, సన్నాయి, జమిడిక, ఒగ్గుడోలు మన నోటికి వెంటనే వస్తాయి. మర్ఫా రాదు. తెలంగాణలో బోనాల ఊరేగింపులో గానీ వినాయక నిమజ్జనంలో గానీ 'తీన్మార్' కొట్టమని అడగని కుర్రవాడు అరుదు. ఆ దెబ్బ ఎవరిదని అడిగితే మాత్రం జవాబు దొరకదు. పదం తెలుగైంది, పదాన్ని తెచ్చినవారు పరాయివారుగానే మిగిలిపోయారు. ఈ వ్యాసానికి ప్రేరణ ఈ వైరుధ్యమే.

జానపద విజ్ఞాన పరిశోధనకు తెలుగులో గట్టి పునాది వేసినవారు ఆచార్య బిరుదురాజు రామరాజు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన పేరు 'తెలుగు జానపద గేయసాహిత్యము'. ఆ మార్గంలో నడిచిన తరువాతి పరిశోధన ఎక్కువగా మాటను, పాటను సేకరించింది. పాట లేకుండా దెబ్బ మీదనే నడిచే వాద్యం, అందులోనూ ఉర్దూ మాట్లాడే వీధుల్లోని వాద్యం, ఆ చట్రంలో ఇమడలేదు. ఇది పూర్వపరిశోధకుల లోపం కాదు. వారు ఎంచుకున్న పరిధి అది. ఆ పరిధిని ఇప్పుడు కొంత విస్తరించుకోవలసి ఉంది.

2. ఆధారాల సమస్య:

ఆధునిక సంగీతబృందం నాదం ఎలా మారిందో చెప్పడం కొంత సులభం. నార్వేకు చెందిన ఉల్వర్ అనే బ్లాక్ మెటల్ బృందం 1995లో 'బెర్గ్‌టాట్', 1996లో 'క్వెల్డ్‌సాంగర్', 1997లో 'నాటెన్స్ మాడ్రిగల్' అనే మూడు ఆల్బంలు వెలువరించింది. మొదటిదానిలో కరకు గిటార్లతో పాటు జానపదచ్ఛాయలున్నాయి. రెండవది పూర్తిగా విద్యుత్తు లేని వాద్యాలతో సాగింది. మూడవది ఉద్దేశపూర్వకంగా గరుకైన ధ్వనిముద్రణ. మూడింటినీ వరుసగా వింటే మార్పు తేటతెల్లమవుతుంది. హైదరాబాదుకే చెందిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందాన్ని కూడా 2016, 2018, 2021 సంవత్సరాల విడుదలలతో అలాగే అధ్యయనం చేయవచ్చు.

మర్ఫా బృందానికి ఆ సౌకర్యం లేదు. అది ఆల్బంల కోసం వాయించినది కాదు. ఊరేగింపు ముగిసిన చోట దాని నాదమూ ముగుస్తుంది. కనుక ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాద్యం దేనితో చేసినది? వాయించినవారికి కూలి ఎవరిచ్చారు? విన్నవారు దానిని ఏమని పిలిచారు? ఈ మూడు జవాబుల్లో ఏది మారినా నాదం మారినట్టే లెక్క.

3. స్థలనామాల సాక్ష్యం:

పాతబస్తీ దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే పేట బార్కస్. 'బ్యారక్స్' అనే ఆంగ్లపదం చివరి సంయుక్తాక్షరం విడిపోయి జనవ్యవహారంలో 'బార్కస్' అయింది. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల నివాసాలు అక్కడ ఉండేవి. ఈ అరబ్బులలో అత్యధికులు హద్రమౌత్ నుంచి వచ్చినవారు. వీరిని దక్కనులో 'చావుష్'లంటారు. ఆ మాట తుర్కీ సైనికహోదా పేరు. అంటే వీరిని పిలిచే పేరులోనే కొలువు ఉంది.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. నిజాం కొలువులో జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశమే తరువాత హద్రమౌత్‌లో ఖుఐతీ సుల్తాను రాజ్యాన్ని స్థాపించింది. హైదరాబాదులో సంపాదించిన ధనం ముకల్లా తీరానికి చేరితే, ఆ తీరపు మనుషులు, తిండి, వాద్యాలు ఇక్కడికి చేరాయి. బార్కస్‌లో ఇప్పటికీ వండే హరీస్ వంటిదే మర్ఫా కూడా.

మూసీకి ఉత్తరాన, మాసబ్‌ట్యాంకు పక్కనున్న ఏసీగార్డ్స్ పేటది మరో కథ. 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అనే అశ్వికదళం పేరుకు అది సంక్షిప్తరూపం. వనపర్తి సంస్థానాధీశుడు నిజాముకు అప్పగించిన ఆఫ్రికన్ అంగరక్షకులతో ఈ దళం ఏర్పడిందని చరిత్ర. వనపర్తి తెలుగు సంస్థానం. కాబట్టి ఈ సిద్దీలు హైదరాబాదు చేరకముందే తెలుగునేల మీద కొలువు చేసినవారు. సిద్దిఅంబర్ బజార్, హబ్సిగూడ అనే పేర్లు కూడా నగరంలో ఆఫ్రికా మూలాలున్నవారి ఉనికిని గుర్తుచేస్తాయి.

4. కొలువులో నాదం:

'మర్ఫా' అరబ్బీ పదం. యెమెన్‌లో ఒక చర్మవాద్యానికి ఆ పేరు ఉంది. దక్కనులో అది మొదట వాద్యం పేరుగా, తరువాత బృందం పేరుగా, చివరకు మొత్తం సంగీతరీతి పేరుగా మారింది. తెలుగువారికి ఇటువంటి అర్థవిస్తరణ కొత్త కాదు. 'మేళం' అన్నప్పుడు వాద్యాలూ వాద్యకారులూ వారి వాదనమూ ఒకేసారి స్ఫురించడం లేదా?

మర్ఫా బృందంలో గిన్నె ఆకారంలోని నగారా వంటి చర్మవాద్యం, చట్రానికి చర్మం బిగించిన దఫ్, డోలు, కొట్టడానికి 'థాపీ' అనే చెక్క బద్దలు ఉంటాయి. నాట్యం చేసేవారు కర్రలు, కత్తులు పట్టి ఆడతారు. సిపాయిల ఆట అనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. రాగవిస్తారానికి ఇందులో చోటు లేదు. ఒకే లయావర్తం తిరిగి తిరిగి వచ్చి, క్రమంగా వేగమూ బిగువూ పెరగడమే దీని నిర్మాణం.

గుజరాత్ సిద్దీల 'గోమా' లేదా 'ధమాల్'తో పోల్చినప్పుడు ఒక భేదం స్పష్టమవుతుంది. గోమా బావాగోర్ వంటి దర్గాలతో, భక్తితో ముడిపడినది. హైదరాబాదు మర్ఫా ముఖ్యంగా కొలువుతోను, వేడుకతోను ముడిపడినది. గోమాకు పోషణ దర్గా నుంచి, భక్తుల నుంచి వచ్చింది. మర్ఫాకు దివాణం నుంచి, సైన్యం నుంచి వచ్చింది. దివాణం పోయిననాడు మర్ఫాకు దిక్కెవరన్న ప్రశ్న ఈ భేదంలోనే దాగి ఉంది.

5. 1948 తరువాత: కొలువు నుంచి కిరాయికి:

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసుచర్యతో నిజాం సైన్యానికి కాలం చెల్లింది. క్రమేతర అరబ్బు దళాలు, ఆఫ్రికన్ అశ్వికదళం రద్దయ్యాయి. అరబ్బుల్లో కొందరిని వెనక్కి పంపించారు. ఇక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు నిలిచిపోయాయి. జీతం, దుస్తులు, గుర్రం ఇచ్చిన కొలువు పోగా, వారి చేతుల్లో మిగిలిన నైపుణ్యాలలో వాద్యం ఒకటి.

ఈ దశలో మర్ఫా పెళ్ళిళ్ళ కిరాయి వాద్యమైంది. ఈ మార్పును ఆర్థికమార్పుగా మాత్రమే చూడరాదు. కొలువులో వాయించేవాడికి వినేవాడు ఒక్కడే, ప్రభువు. కిరాయికి వాయించేవాడికి ప్రతి రాత్రీ కొత్త శ్రోతలు. వారు వినడానికి రారు, ఆడడానికి వస్తారు. ఆడేవారికి కాలు కలిపే దెబ్బ కావాలి. ఆడగలిగిన సులభమైన లయలు ముందుకు వచ్చి, మిగిలినవి వెనక్కి తగ్గడానికి కారణం ఇదేనని ఊహించవచ్చు. మూడు దెబ్బల గుంపుగా తిరిగే 'తీన్మార్' మిగిలిన వాటన్నిటినీ మించి నిలవడం ఈ ఊహను బలపరుస్తుంది.

6. తోలు, ఉక్కు, ప్లాస్టిక్కు:

మర్ఫా బృందంలో ఈనాడు వినిపించే మరో గొంతు స్టీలు బిందెది. స్టీలు బిందె మన ఇళ్ళలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. కనుక ఈ గొంతు హద్రమౌత్ నుంచి ఓడెక్కి వచ్చినది కాజాలదు, ఇక్కడి వంటింటి నుంచి వచ్చినదే. మన లాక్షణికుల పరిభాషలో చెప్పాలంటే, ప్రధానంగా అవనద్ధవాద్యాలతో సాగిన బృందంలో ఒక ఘనవాద్యం చేరింది. తోలు నాదంలో గాంభీర్యం ఉంది గానీ వీధి రొదలో అది దూరం పోదు. ఉక్కు నాదం పదునుగా రొదను చీల్చుకొని పోతుంది. మోటారు వాహనాల నగరంలో ఊరేగింపు తనకంటూ కొంత చోటు చేసుకోవడానికి బిందె తోడ్పడింది.

చర్మం స్థానంలో ప్లాస్టిక్కు పొర రావడం తరువాతి మార్పు. డప్పును నిప్పుసెగకు కాచి బిగించడం తెలంగాణ పల్లెల్లో అందరూ ఎరిగినదే. దఫ్‌కూ ఆ అవసరం ఉంది. వానాకాలంలో చర్మం చెమ్మగిల్లి గొంతు దిగిపోతుంది. ప్లాస్టిక్కుకు సెగ అక్కరలేదు, చెమ్మ భయం లేదు, ధరా తక్కువ. ఒకే రాత్రి రెండు పెళ్ళిళ్ళకు పోవలసిన బృందానికి ఇది చిన్న మేలు కాదు. అయితే ప్రతి వాద్యానికీ ఉండే సొంత గొంతు ఈ మార్పులో పోయింది. కాచే వేళలో వాద్యకారుడు చేసే శ్రుతినిర్ణయం, అంటే అతని చెవి చదువు, నేర్పవలసిన అవసరం కూడా తగ్గింది.

7. తీన్మార్: తెలుగైన పదం:

'తీన్' అంటే మూడు, 'మార్' అంటే దెబ్బ. రెండూ దక్కనీ ఉర్దూ మాటలు. వాద్యం పేరు అరబ్బీ, దాని లయ పేరు దక్కనీ. వాద్యం పేరును తెచ్చినవారు సిపాయిలు. లయ పేరు ఇక్కడి వీధి భాషలో పుట్టింది. వాద్యం వలస వచ్చిందనీ, లయ ఇక్కడ స్థిరపడిందనీ ఈ రెండు పేర్ల భేదమే చెబుతున్నది.

తెలుగులోకి వచ్చాక ఈ పదం మరింత దూరం ప్రయాణించింది. మొదట అది ఒక దెబ్బ. తరువాత ఆ దెబ్బకు వేసే చిందు. అటుతర్వాత ఏ వాద్యం మీద కొట్టినా, డప్పు మీదైనా సరే, ఆ ఊపుకు పేరు. 2011లో వచ్చిన ఒక తెలుగు చలనచిత్రానికి 'తీన్‌మార్' అని పేరు పెట్టేనాటికి అది ఊరేగింపుతో పనిలేకుండా ఉత్సాహానికి సంకేతమైంది. తెలంగాణ యాసలో వార్తలు చెప్పే టీవీ కార్యక్రమానికి 'తీన్మార్' అన్న పేరు రావడంతో, మొహమాటం లేని మాటతీరుకు కూడా అది గుర్తైంది. 'డప్పు కొట్టుకోవడం' అనే పలుకుబడిలో వాద్యం స్వోత్కర్షకు ఉపమానమైనట్టే, ఇక్కడ లయ నిర్భీతికి ఉపమానమైంది.

పదాన్ని ఇంత ఇష్టంగా స్వీకరించిన భాష, దానితో వచ్చిన 'మర్ఫా' అనే మాటను అంతగా స్వీకరించలేదు. ఇది గమనార్హం. ఆడేవారికి లయ పేరు చాలు. వాయించేవారి పేరు తెలిస్తేనే వారి కూలి, వారి పేట, వారి చరిత్ర గుర్తుకు వస్తాయి.

8. డీజే, నిషేధం, ఆ తరువాత:

ధ్వనివర్ధకాల బండ్లు వచ్చాక మర్ఫా దెబ్బ ముందుగా ముద్రించిన ధ్వనిఖండంగా మారింది. లయ చెక్కుచెదరలేదు, పైగా ఎన్నో రెట్లు బిగ్గరగా వినబడింది. కానీ ఎనిమిది, పది మంది చేతులతో పని లేకుండా పోయింది. లయ బతకడమూ లయకారుడు బతకడమూ ఒకటి కావని ఈ దశ నిరూపిస్తుంది. మరోవైపు, పెళ్ళిళ్ళు నిరాడంబరంగా జరగాలనీ, వాద్యాలు వద్దనీ చెప్పే మతపెద్దల హితవు కూడా పాతబస్తీలో బలంగానే ఉంది. బృందాలకు ఇది రెండో ఒత్తిడి.

2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో ధ్వనివర్ధకాల వాడకాన్ని అడ్డుకుంటాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిషేధం చేతివాద్యానికి మళ్ళీ దారి తెరవగలదు. అయితే దారి తెరుచుకున్నంత మాత్రాన నడిచేవారు సిద్ధంగా ఉంటారనుకోలేం. చర్మం కాచి శ్రుతి చేయడం తెలిసినవారు, తీన్మార్‌తో పాటు మిగిలిన లయలు గుర్తున్నవారు వృద్ధులయ్యారు. తండ్రి వాయించగా విని నేర్చుకొనే విద్యకు ఒక తరం ఎడం వస్తే చాలు, గొలుసు తెగుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
- మర్ఫా నాదంలోని ప్రతి ముఖ్యమైన మార్పు వెనుక పోషణలోనో, వీధి స్వభావంలోనో వచ్చిన మార్పు ఉంది.
- వాద్యద్రవ్యం తోలు నుంచి ఉక్కుకు, ప్లాస్టిక్కుకు, ముద్రితధ్వనికి మారినా లయావర్తం నిలిచింది. అయితే లయవైవిధ్యం కుదించుకుపోయి తీన్మార్ ఒక్కటే ప్రముఖమైంది.
- 'మర్ఫా', 'తీన్మార్' అనే పదాల వేర్వేరు గతులు తెలుగు సమాజం ఈ సంప్రదాయం నుంచి ఏది తీసుకున్నదో, ఏది వదిలేసిందో చెబుతాయి.

వనపర్తి మీదుగా వచ్చినవారి దెబ్బకు బోనాల వీధుల్లో చిందులు వేస్తున్నాం. వారి వాద్యాన్ని 'ఇతర' సంస్కృతుల జాబితాలో ఉంచడం శాస్త్రీయం కాదు. బార్కస్, ఏసీగార్డ్స్ పెద్దలకు గుర్తున్న లయలను, వాటి పేర్లతోను వాయించేవారి మాటలతోను సహా ముద్రించి భద్రపరచడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. ఉర్దూ తెలిసిన పరిశోధకులతో కలిసి చేస్తే అది మరింత ఫలవంతమవుతుంది. ఆ పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.